అరణ్యరక్షణయు కళాసేవయు

రెవిన్యూ లెక్కలలో నేలకు గల పేరులు కొద్దివి. నీరు పారునది తరి; వానకు కనిపెట్టుకొని యుండునది ఖుష్కి; పశువుల మేతకు విడిచినది కంచె; దేనికిని పనికిరాదని తలచినది బంజరు, పోరంబోకు. దున్నిన నేలకు శిస్తు గలదు. కట్టిన నేలకు పన్ను గలదు. దున్నక, కట్టక, చెట్టును పుట్టను బండను తనయందు నిలుపుకొనియున్న నేలకు మాత్రము ఆదాయపు గడిలో సున్న చుట్టబడి యున్నది. ఆ సున్నను చూచియే కాబోలు, నగరము పెరిగినప్పుడెల్ల మొదటి గొడ్డలిదెబ్బ ఆ నేలపైననే పడుచున్నది. ఈ లెక్కను దిద్దవలెనన్న అధికారులును న్యాయవాదులును మాత్రమే చాలరనియు, చిత్రకారుడును కవియు గాయకుడును గూడ ఆ నేలపై కొంతకాలము కాపురముండవలెననియు మా యభిప్రాయము. దానిని నేడు పాఠకమహాశయుల యెదుట నుంచుచున్నాము.

మన భాషలో వనవాసమన్నంతనే శిక్ష గుర్తుకు వచ్చును. కాని కొన్ని దేశములలో కళాకారులకు వనవాసము గౌరవముగా నొసగబడుచున్నది. ప్రభుత్వమువారు రక్షించు మహారణ్యములలో ఒక కుటీరమును సిద్ధపరచి, చిత్రకారునికో కవికో శిల్పికో రెండు మొదలు నాలుగు వారములవరకు అద్దె లేకుండ వసతి గల్పింతురు. అతడు అచ్చట ఏమి చేయవలెనో ఎవరును శాసింపరు. ప్రతిఫలముగా అతడు తన కృతులలో నొకదానిని ఆ వనమునకు సమర్పించును. అచ్చటికి వచ్చు ప్రజలకు ఒకటి రెండు దినములు తన పనిని చూపి, దానిని గూర్చి మాటలాడును. అమెరికాలోని రాకీ పర్వతముల జాతీయోద్యానమున 1984 నుండి ఈ యేర్పాటు సాగినది. అచ్చటి కుటీరము పూర్వము విలియం ఆలెన్ వైట్ అను పత్రికాసంపాదకుని వేసవి విడిది యగుటచే, పత్రికావృత్తి యందున్న మాకు ఆ ముచ్చట మరింత ప్రియమైనది. కెనడాలోని బాన్ఫ్ జాతీయోద్యానమున ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1933లో నాటకకళ యందొక చిన్న తరగతిని నెలకొల్పిరి. అదియే క్రమముగా పెరిగి సకల కళలకును నిలయమైన పెద్ద సంస్థయైనది. విశ్వవిద్యాలయమొకటి పూనుకొనిన ఎంత జరుగగలదో దీనివలన తెలియుచున్నది.

ఈ యాచారమునకు మూలము ఇంకను వెనుకకు పోవును. 1871లో అమెరికా ప్రభుత్వము ఎల్లోస్టోన్ అను కొండసీమను కొలిచిరండని హేడెన్ అను భూగర్భశాస్త్రజ్ఞుని నాయకత్వమున నొక బృందమును పంపెను. ఆ బృందములో కొలతగాండ్రతోపాటు థామస్ మోరాన్ అను చిత్రకారుడును, విలియం హెన్రీ జాక్సన్ అను ఛాయాగ్రాహకుడును వెళ్లిరి. ఆ సీమలో వేడినీరు ఆకాశమున కెగయుననియు, లోయల గోడలు పసుపువన్నె గలవనియు అంతకుముందు వేటగాండ్రు చెప్పగా, పట్టణవాసులు కట్టుకథలని నవ్విరి. మోరాన్ రంగులును జాక్సన్ ఛాయాచిత్రములును శాసనసభ్యుల కన్నుల యెదుట నిలిచిన పిమ్మట ఆ నవ్వు ఆగిపోయెను. 1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు గ్రాంటు సంతకముతో ఆ సీమ జాతీయోద్యానమయ్యెను. ఆ యేటనే మోరాన్ చిత్రించిన మహాలోయ పటమును అమెరికా కాంగ్రెసు 10,000 డాలర్లకు కొనెను. ఈ కార్యమున రైల్వే కంపెనీవారి లాభాపేక్షయు లేకపోలేదు. ఐనను కొలతగాని గొలుసు చెప్పలేని సంగతిని చిత్రకారుని కుంచె చెప్పగలిగెననుట యథార్థము. ఎన్ని మైళ్లో కొలతగాడు చెప్పెను. అది పోయిన ఏమి పోవునో చిత్రకారుడు చెప్పెను. ప్రభుత్వమునకు ఈ రెండు సమాచారములును కావలసియుండెను.

ఇది పరదేశపు వింత యనియు, మనకు పొసగదనియు ననువారు మన వాఙ్మయపు పుట్టుకను మరచినవారు. మన ఆదికావ్యము రాజధానిలో పుట్టలేదు. తమసానదీతీరమున బోయవాని బాణమునకు కూలిన క్రౌంచపక్షిని చూచిన ముని శోకమే శ్లోకమైనదని గదా మన పెద్దలు చెప్పినది! అడవిలో నివసించు కన్ను లేకున్న ఆ పక్షి చావు లెక్కకు రాకపోయెడిది. ఉపనిషత్తుల సరసనున్న గ్రంథములకు ఆరణ్యకములని పేరు పెట్టిన జాతికి, కళకును అరణ్యమునకును గల చుట్టరికమును వేరొకరు నేర్పనక్కరలేదు.

పూర్వకాలపు మాట యటుండనిండు. మొన్న మొన్నటి తెనుగువారిలోనే దీనికి నిదర్శనము గలదు. గుంటూరు మండలములోని తుమ్మపూడి గ్రామమున 1914లో జన్మించిన సంజీవదేవ్ యౌవనమున హిమాలయములకు పోయి, కులూలోయలోని నగ్గర్ గ్రామమున రష్యా దేశపు చిత్రకారుడైన నికొలాస్ రోరిక్ ఇంట అతిథిగా నుండెను. రోరిక్ 1928 నుండి 1947లో కన్నుమూయు వరకు ఆ మంచుకొండల నడుమనే నివసించి వానినే చిత్రించినవాడు. ఆ పర్వతవాసమున సంజీవదేవ్‌కు పట్టుబడిన చూపు ఆయనతో తుమ్మపూడికి తిరిగివచ్చెను. ఒక పల్లెటూరి యింట కూర్చుండి, రంగులతోను ఛాయాగ్రహణయంత్రముతోను కలముతోను ఆయన చేసిన సేవ తెనుగునాట సౌందర్యదృష్టికి కొత్త బాటలు వేసినది. 1999లో ఆయన గతించినవరకు ఆ యిల్లు కళాభిమానులకు యాత్రాస్థలమై యుండెను. కొండలలో నొక కళాకారుడు మరియొకనికి పెట్టిన ఆతిథ్యము, దూరాన నున్న ఒక గ్రామమునకు ఇంతటి ఫలము నిచ్చెను. అట్లే 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి, కొండల నడుమ నున్న అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలవారి అతిథిగా నుండి, నేడు మన జాతీయగీతమైన తమ రచనను ఆంగ్లమున కనువదించిరి. రాయలసీమలోని చిన్న కళాశాల చూపిన ఆదరము జాతిచరిత్రలో నిలిచిపోయినది. ఇట్టి యాతిథ్యమును వ్యక్తుల ఔదార్యమునకు విడిచిపెట్టక, సంస్థల ధర్మముగా చేయుమనియే మేము కోరుచున్నాము.

కళాకారులు అడవికి పోవలెనని చెప్పుచున్నామే గాని, వాస్తవమున మన కళలలో సగము అడవి నుండియే వచ్చినవి. కొండపల్లి బొమ్మకు ప్రాణమైన తెల్లపొణికి కర్ర ఆ చుట్టుపట్ల గుట్టలలోనిది. ఉలికి లొంగుచు, చేతికి తేలికగా నుండు ఆ కర్ర లేనిచో అంబారీయేనుగు లేదు, దశావతారములు లేవు. నిర్మల బొమ్మలకును పొణికియే యాధారము. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేయబడును. ఆ బొమ్మలకు చెట్ల వేళ్లు, గింజలు, ఆకుల నుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగినది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు కరక్కాయ రసమునందును పాలయందును బట్టను నానవేయనిదే కలము పట్టడు. ఇనుపముక్కలను బెల్లమును కలిపి మురుగబెట్టిన నల్లరంగు ఆ కరక్కాయ పసరును తాకినప్పుడే నిలుచును. బట్టను ఉతుకుటకు పారునీరు కావలెను. కొండపల్లి పనివారు పొణికి కర్రకై యెక్కువ దూరము పోవలసివచ్చుచున్నదని చిరకాలముగా మొరపెట్టుచున్నారు. చెట్టు కరవైననాడు పని కరవగును. పని కరవైననాడు కొడుకు తండ్రి ఉలిని పట్టడు. మూడు నాలుగు వందల యేండ్ల విద్య ఒక్క తరములో అంతరించుటకు ఇంతకంటె కారణము వేరొకటి యక్కరలేదు. కావున అడవిని కాపాడుమని కళాకారుడు కోరుట పరోపకారము కాదు. అది తన వృత్తిరక్షణ.

ఇంతవరకు దూరపు కొండలను గూర్చి చెప్పితిమి. ఇక మన గడప దగ్గరకు వత్తము.

హైదరాబాదు నగరపు తూర్పుదిక్కున నున్న రామంతాపూరును, దానికి ఉత్తరమున హబ్సిగూడను, ఆవల తార్నాకను, పడమట ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఒక్కసారి మనసున నుంచుకొనుడు. తారు అనగా తీగె, నాకా అనగా కాపుచోటు. తీగె కట్టిన కాపుచోటు తార్నాకయైనదని పెద్దలు చెప్పుదురు. నేడచ్చట తీగెయు లేదు, కాపును లేదు. వాహనముల రొదయు అంతస్తుల మేడలును గలవు. రామంతాపూరునకు పెద్దచెరువు, చిన్నచెరువు అని రెండు చెరువులు గలవు. ఒకప్పుడు పొలములకు నీరిచ్చిన చెరువులే నేడు నగరపు మురుగును మ్రింగుచు, అంచులవెంట ఆక్రమణలకు గురియై కుంచించుకొనిపోయినవి. ఈ ప్రాంతమున విశాలమైన పచ్చదనము మిగిలియున్నదన్న అది విశ్వవిద్యాలయ ప్రాంగణముననే. వెయ్యి యెకరములకు మించిన ఆ భూమిలో నేటికిని నెమలి కూయుచున్నది. వేప, కానుగ, సీతాఫలపు పొదలు బండల నడుమ బ్రదుకుచున్నవి. ప్రాతఃకాలమున చుట్టుప్రక్కల పేటలవారు వేలకొలదిగా అచ్చట నడచి ఊపిరి పీల్చుకొనుచున్నారు.

ఈ నేల మొదట ఒక కవయిత్రిది. అడిక్‌మెట్టు భూములు నిజాము ప్రభువులచే మహ్‌లఖా బాయి చందాకు జాగీరుగా నొసగబడెను. 1768లో పుట్టి 1824లో గతించిన ఆమె, ఉర్దూ భాషలో దివాన్ కూర్చిన తొలి కవయిత్రులలో నొకతె. సంగీతమునందును నృత్యమునందును ప్రవీణురాలు. ఆమె పేర నొక మెట్లబావి ఆ ప్రాంతముననే ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయ ప్రాంగణమున నున్నది. కళకు బహుమానముగా నీయబడిన నేలపైననే తరువాత విద్యాలయము వెలసెను. 1934లో పునాది పడి 1939 డిసెంబరులో ప్రారంభింపబడిన ఆర్ట్సు కాలేజీ భవనమును బెల్జియము దేశీయుడగు ఎర్నెస్టు జాస్పర్ రూపొందించెను. అజంతా, ఎల్లోరా స్తంభముల పోలికయు, మహమ్మదీయ శిల్పపు కమానుల సొంపును, దక్కను గ్రానైటు రాతియు నందు ఏకమైనవి. ఆ భవనము తన చుట్టు నున్న బండలకు పరాయిది కాదు, వాని తోబుట్టువు.

మరియొక సంగతియు మరువరాదు. 1938లో వందేమాతర గీతమును పాడినందులకు ఈ విశ్వవిద్యాలయ వసతిగృహములనుండి విద్యార్థులు వెడలగొట్టబడిరి. వారిలో పలువురు నాగపురమునకు పోయి చదువు కొనసాగించిరి. ఆ గీతము స్తుతించునదేమి? రాజును గాదు, సైన్యమును గాదు. ఈ దేశపు నీటిని, పంటను, చల్లగాలిని, వెన్నెలను, పూచిన చెట్టును. ఆ పాటకొరకు చదువును పణముగా నొడ్డిన యువకుల ప్రాంగణమున, ఆ నీటికిని ఆ చెట్టుకును రక్షణ లేకున్న మన దేశభక్తి కంఠముననే నిలిచిపోయినదని యొప్పుకొనవలసియుండును.

ఆ చుట్టుపట్లనే జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ గలదు. 1961లో వెలసిన ఆ సంస్థయందలి శాస్త్రజ్ఞులు భూమి లోతులను పరీక్షింతురు. ఈ బండలకు ఇన్నూటయేబది కోట్ల యేండ్ల వయస్సు గలదని శాస్త్రము చెప్పుచున్నది. రామంతాపూరు దాటిన వెంటనే ఉప్పలులో భారతీయ సర్వే శాఖవారి శిక్షణాలయము గలదు. అచ్చట దేశమును కొలుచుట నేర్పుదురు. రామంతాపూరులోనే దూరదర్శన కేంద్రమును గలదు. అచ్చటనుండి చిత్రములు ఇల్లిల్లు చేరును. కొలుచువారున్నారు, తవ్వి పరీక్షించువారున్నారు, చిత్రములను ప్రసారము చేయువారున్నారు. 1871నాటి హేడెన్ బృందమునకు కావలసిన పరివారమంతయు ఒక క్రోసెడు దూరములో సమకూడియున్నది. లేనిదెల్ల, ఒక చెట్టు క్రింద నెలదినములు కూర్చుండుమని మనము ఆహ్వానించిన చిత్రకారుడు.

అట్టివాడు లేకపోయిన ఏమి మునిగినదని యెవరైన నడుగవచ్చును. ఏమి మునిగినదో 2025వ సంవత్సరమున నగరపు పడమటిదిక్కు మనకు చూపినది. గచ్చిబౌలిలో 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొని సుమారు 400 ఎకరముల నేల గలదు. దాని పేరే కంచ గచ్చిబౌలి. మేతకు విడిచిన నేల యని ఆ పేరే చెప్పుచున్నది. ఆ నేలను ఏలము వేసి ఐశ్వర్యవంతమైన కట్టడములకు అప్పగింప ప్రభుత్వము తలపెట్టగా, మార్చి నెలాఖరున యంత్రములు లోపలికి దిగినవి. విద్యార్థులు అడ్డు నిలిచిరి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీంకోర్టు తనంత తానుగా విషయమును చేపట్టి నరకుట నాపించెను. అంతలోనే సుమారు నూరెకరముల మేర యంత్రములచే ధ్వంసమైనదని న్యాయస్థానమునకు నివేదిక చేరెను.

ఆ దినములలో జరిగిన యొక సంగతిని మేము ప్రత్యేకముగా పేర్కొనగోరుదుము. బెదరి పరుగిడు జింకలు, అరచు నెమళ్లు గల చిత్రములు దేశమంతటను వ్యాపించెను. వానిలో కొన్ని కృత్రిమమేధాయంత్రములచే కల్పింపబడినవని ప్రభుత్వమువారు ఆక్షేపించి, చర్యలకు పూనుకొనిరి. నిజమైన ఛాయాచిత్రములపైనను అనుమానపు నీడ పడెను. అచ్చట జింకలున్నమాట నిజము, నెమళ్లున్నమాట నిజము. కాని నిజమునకు సాక్ష్యము చాలినంతగా, చిరపరిచితముగా మన చెంత లేకపోవుటచే కల్పనకు చోటు దొరికెను. ఆ విశ్వవిద్యాలయముననే సరోజినీ నాయుడు పేర కళాశాఖ యొకటి గలదు. ఏటేట ఒక చిత్రకారుడో కవియో ఆ కంచెలో నెలదినములుండి, ఏ ఋతువున ఏ పువ్వు పూచునో, ఏ కుంటయొద్ద ఏ పక్షి వ్రాలునో చిత్రించి, ఆ కృతులను నగరపు పాఠశాలలలో ప్రదర్శించియుండినచో, ఆ నేలను ఖాళీస్థలమని పలుకుటకు ఏ యధికారికిని నోరు వచ్చెడిది కాదు. ఆపద వచ్చిన రాత్రి తీసిన చిత్రము వాదమగును. ఇరువదియేండ్లుగా చేరిన చిత్రములు సాక్ష్యమగును.

ఈ పద్ధతి ఫలింపదని సందేహించువారికి ఈ నగరముననే సమాధానము గలదు. హైదరాబాదు బండలను పగులగొట్టి కంకర చేయుచుండగా సహింపలేక, 1996లో కొందరు కళాకారులు, ఛాయాగ్రాహకులు, ప్రకృతిప్రియులు చేరి శిలాసంరక్షణ సంఘము నొకదానిని స్థాపించిరి. నగరచరిత్రకారుడగు నరేంద్ర లూథర్ దానికి చిరకాలము అధ్యక్షుడుగా నుండెను. ఆయన తన యింటిని బండను తొలగింపక దాని చుట్టును కట్టుకొన్నవాడు. వారి పూనికవలన తొమ్మిది శిలాసముదాయములు వారసత్వపు పట్టికకెక్కినవి. వానిలో నొకటి హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోని పుట్టగొడుగు బండ. అంతవరకు రాతిగుట్ట యన్న పేరు దక్క వేరు పేరులేని వానికి చూచువారే పేరులు పెట్టిరి. పేరు గల బండను పగులగొట్టుట, పేరులేని బండను పగులగొట్టినంత సులభము కాదు. ఇక కళాకారునికి ఒక సంస్థ వసతినిచ్చుటకును ఇచ్చటనే దృష్టాంతము గలదు. మధిరలో 1940లో జన్మించి 2019లో గతించిన సూర్యప్రకాశ్, ఎండుటాకులను, తామరకొలనులను ప్రేమించి చిత్రించినవాడు, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థ ఆయనను తన నివాసకళాకారునిగా నుంచుకొన్నది. కన్నులు బాగుచేయు వైద్యశాలకు కళాకారుడు అవసరమని తోచినప్పుడు, కన్నులకు కనిపింపక నశించుచున్న అడవికి అవసరము లేదా?

ఈ సూచనకు రాగల ఆక్షేపణలను మేమెరుగుదుము. దరిద్రదేశమున చిత్రకారునికి విడిదియా యని మొదటిది. మేము కోరునది కొత్త మేడలు కాదు. అటవీశాఖవారికి మన్ననూరు మొదలగు చోట్ల విడిదులు ఇదివరకే గలవు. విశ్వవిద్యాలయములకు అతిథిగృహములు గలవు. ఏటికి కొన్ని వారములు ఒక్కొక్క గదిని తెరచియుంచుట ఏ ఖజానాకును భారము కాదు.

రెండవ ఆక్షేపణ గంభీరమైనది. అడవి ఎవరిది? నల్లమలలోని ఆమ్రాబాదు పులుల రక్షితారణ్యము 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది. అందు పులితోపాటు చెంచువారును తమ పెంటలలో తరతరములుగా నివసించుచున్నారు. ఏ చెట్టున తేనెపట్టు నిలుచునో, ఏ నెలలో ఏ దుంప త్రవ్వదగునో వారికి తెలిసినంత ఏ గ్రంథమునకును తెలియదు. వారిని మరచి పట్టణమునుండి చిత్రకారుని తెచ్చి దింపుట అన్యాయమగును. ఎల్లోస్టోన్ చరిత్రయే దీనికి హెచ్చరిక. 1832లోనే జార్జి కాట్లిన్ అను చిత్రకారుడు, అడవిని, మృగములను, అందలి జనులను గూడ కలిపి కాపాడు జాతీయోద్యానము కావలెనని కోరియుండెను. నలువది యేండ్ల పిమ్మట ఉద్యానమేర్పడెను. కాని ఆ సీమలో వేటాడి బ్రదికిన షోషోనీ మొదలగు జాతులవారు క్రమముగా వెడలగొట్టబడిరి. నగరవాసులు మెచ్చిన ఆనాటి పటములలో పెక్కింట అది జనశూన్యసీమగా కాననయ్యెను. మనుష్యుని తొలగించి అడవిని చిత్రించు కుంచె, బంజరని వ్రాయు కలమునకు తోబుట్టువే. కావున మన వనవాసమున అతిథి కళాకారుడు, ఆతిథేయుడు చెంచు. ఏ కాలిబాటను త్రొక్కవలెనో, ఎచ్చట అడుగిడరాదో చెప్పుట చెంచుపెద్దల యధికారము. 2019లో నల్లమలలో యురేనియము అన్వేషణ తలపెట్టబడినప్పుడు చెంచువారును పట్టణపు కవులు, కళాకారులును ఒక్క గొంతుతో వ్యతిరేకించిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభయు దానికి ప్రతికూలముగా తీర్మానించెను. ఈ రెండు వర్గములును కలిసిన ఎంతటి బలము కలుగునో ఆ యేడు తెలిసినది.

కళాకారులు పోయిన వెనుకనే వినోదయాత్రికులు పోవుదురనియు, చిత్రముల ప్రసిద్ధియే అడవికి చేటగుననియు మూడవ ఆక్షేపణ. ఇది నిజము కాదనము. అందుచేతనే వసతి కొద్దిమందికే యుండవలెను. పులి తిరుగు లోపలి సీమకు అనుమతి యుండరాదు. పక్షులు గూడు కట్టు చోటుల ఆనవాలు ఏ చిత్రముక్రిందను వ్రాయబడరాదు. వేయిమంది వెళ్లి చూడవలసిన యవసరము లేకుండ ఒక్కడు చూచి వేయిమందికి చూపుటయే ఈ యేర్పాటు యొక్క పరమార్థము.

కావున మా కోరికలు స్పష్టములు. మొదటిది, ఉస్మానియా, హైదరాబాదు విశ్వవిద్యాలయములు తమ ప్రాంగణములలో ఏటికి నలుగురు కళాకారులకైన, ఋతువున కొక్కరి చొప్పున, వసతి నీయవలెను. అందు చదువుకొన్న చిత్రకారులకే గాక చేర్యాల నకాషీ పనివానికిని, నిర్మల పనివానికిని, ఒగ్గుకథకునికిని సమాన స్థానముండవలెను. రెండవది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ ప్రభుత్వముల అటవీశాఖలు నల్లమల, కవ్వాలు, పాపికొండల యందలి విడిదులలో ఈ యాచారమును మొదలిడి, స్థానిక గిరిజనులకు అందు ఆతిథేయుల గౌరవమును, తగిన ప్రతిఫలమును కల్పింపవలెను. మూడవది, అచ్చట పుట్టిన కృతులు ధనవంతుల గోడలకు పోక, పాఠశాలలకును గ్రంథాలయములకును చేరవలెను. రామంతాపూరు పాఠశాలలోని బాలుడు తన వీధి చివరి చెరువును పటమున చూచిననాడే దానిని మురుగుగుంట యనుట మానును.

నాలుగవ కోరిక ప్రభుత్వమును గాదు, మా పాఠకులలో భూవసతి గలవారిని. పొలము గట్టున కొన్ని పొణికి మొక్కలను, అంకుడు మొక్కలను నాటుట మీకు కష్టము కాదు, నష్టమును కాదు. మీ పొలము ప్రక్కన నున్న గుట్టను కంకరకు అమ్ముటకు ముందు ఒక చిత్రకారుని పిలిచి, పది దినములు అన్నము పెట్టి, దానిని చిత్రింపుమనుడు. ఆ పటమును మీ చావడిలో వ్రేలాడదీసిన పిమ్మటను అమ్మవలెనని తోచిన, అప్పుడు ఆలోచింపవచ్చును. పట్టణవాసులు తమ చెరువును, తమ బండను, తమ చెట్టును పేరుపెట్టి పిలుచుట నేర్చుకొనవలెను.

చట్టము అడవి చుట్టును కంచె వేయగలదు. కాని కంచెను కోరు జనము లేనిచో ఆ తీగె ఎంతకాలము నిలుచును? తార్నాకలో తీగె పోయి పేరు మాత్రమే మిగిలినది. జనము అడవిని కోరవలెనన్న ముందు దానిని చూడవలెను. చూడలేని లక్షలమంది పక్షమున చూచి వచ్చువాడు కళాకారుడు. అతనికి అడవి తలుపును తెరచుటకు శాసనమును కోట్లును అక్కరలేదు. విశ్వవిద్యాలయాధికారి యొక్క ఆహ్వానపత్రము, అటవీశాఖ విడిది తాళపుచెవి, చెంచుపెద్ద యొక్క అనుమతి చాలును. ఈ మూడింటిలో మొదటి రెండు ఎవరి చేతులలో నున్నవో వారు ఈ వర్షర్తువు ముగియకమునుపే పూనుకొందురు గాక యని మా ప్రార్థన.